ఊహపత్రం నేర్పిన బిడ్డింగ్: ఆరు వారాల అభ్యాస సేవపై సమీక్ష

బ్రిడ్జ్ అనే పేకాటలో బిడ్డింగ్‌ను, అంటే ఏ తురుపుతో ఎన్ని ట్రిక్కులు గెలుస్తామో వేలంలా చెప్పుకునే దశను మాత్రమే, అదీ జోడీగా, సాధన చేయించే ఒక ఆన్‌లైన్ సేవలో మా అక్కయ్యా నేనూ చేరి ఇటీవలే ఆరు వారాల శిక్షణ పూర్తి చేశాం. మేమిద్దరం పార్ట్‌నర్లుగా పదేళ్లకు పైగా ఆడుతున్నాం. ముక్కలు ఆడడంలో ఇద్దరమూ మరీ తీసిపోయేవాళ్లం కాదు. ఎదుటి పక్షం వదిలిన ట్రిక్‌ను (నలుగురూ తలా ఒక ముక్క వేసే చుట్టును) చేజార్చుకున్న సందర్భాలు తక్కువే. మా నష్టమంతా ముక్క నేలన పడకముందే, కాంట్రాక్టు (చివరికి నిలిచే బిడ్) నిర్ణయమయ్యే దగ్గరే జరిగేది. ప్రతి ఆట తరువాతా అదే వాదన: "అన్ని పాయింట్లు పెట్టుకుని అక్కడెందుకు ఆగిపోయావురా?" అని ఆమె, "నువ్వు పాస్ చెప్పాక నేనేం చెయ్యను అక్కా?" అని నేను. ఈ వాదనలో ఇద్దరిలో ఎవరిది ఎంత తప్పో తేల్చగల సాధనం మా దగ్గర ఉండేది కాదు. ఈ సేవ అలాంటి సాధనాన్ని ఇచ్చింది కనుకనే దాని గురించి వివరంగా రాయాలనిపించింది. లోపాలు కూడా ఉన్నాయి, వాటినీ దాచను.

ముందుగా పద్ధతి చెప్పాలి. వారానికి 24 పంపకాలు ఇస్తారు. ఇద్దరూ ఎవరి తెర ముందు వారు కూర్చోవాలి. ఎవరికి వారి 13 ముక్కలే కనిపిస్తాయి. ఎదుటి పక్షం బిడ్లను యంత్రమే చెబుతుంది. బిడ్డింగ్ ముగిశాక ముక్కలు ఆడించరు. అలాగని వెంటనే చేతులు తెరిచి చూపించరు కూడా. ముందు ఇద్దరి తెరల మీదా ఒక పత్రం వస్తుంది. దాన్ని వాళ్లు ఊహపత్రం అంటారు. పార్ట్‌నర్ దగ్గర కనిష్ఠంగా ఎన్ని పాయింట్లు (పెద్దముక్కలకు కట్టే విలువ), గరిష్ఠంగా ఎన్ని, ఏ రంగులో ఎన్ని ముక్కలు, ఆసులు ఎన్నో తెలిస్తే ఎన్ని అనేవి అందులో రాయాలి. చివర ఒక గడి ఉంటుంది: ఈ సంగతి మీకు ఏ బిడ్‌తో తెలిసింది? ఇద్దరూ రాసి పంపిన తరువాతే నాలుగు చేతులూ తెరుచుకుంటాయి. ఆ పైన, మన జోడీకి కేటాయించిన శిక్షకురాలు బిడ్డింగ్‌నూ రెండు ఊహపత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివి, రెండు రోజుల్లో వ్యాఖ్య రాసి పంపుతారు.

చూడడానికి చిన్న ఏర్పాటే, కానీ బిడ్డింగ్‌ను ఎలా చూడాలన్న దృష్టినే ఇది మార్చేస్తుంది. 52 ముక్కల నుంచి ఒకరి చేతికి 13 ముక్కలు రాగల విధాలు 63,501 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిని పార్ట్‌నర్‌కు తెలియజేయడానికి మనకున్న మాటలు మొత్తం 38: 1 కళావరు నుంచి 7 నోట్రంప్ వరకు 35 బిడ్లు (అంకెకు ఆరు కలిపితే గెలవవలసిన ట్రిక్కులు, నోట్రంప్ అంటే తురుపు లేకుండా ఆడడం), వాటితో పాటు పాస్, డబుల్, రీడబుల్. పైగా ఒకసారి పైకి వెళ్లాక కిందికి రావడం కుదరదు. ఇంత కొద్ది మాటలతో అంత విషయం చెప్పాలంటే ఏ మాటా వృథా కాకూడదు. రెండర్థాలు వచ్చే మాట అసలే పనికిరాదు. మామూలుగా ఆడుతున్నప్పుడు కాంట్రాక్టు గెలిచామా, పోగొట్టుకున్నామా అన్నదే మనకు మిగులుతుంది. తప్పుగా చెప్పి కూడా అదృష్టం కొద్దీ సరైన కాంట్రాక్టుకు చేరితే ఆ తప్పు మన కంట పడదు. మన చేయి పార్ట్‌నర్ మనసులో ఏ రూపంలో నిలిచిందో ఊహపత్రం చూపిస్తుంది కనుక, ఫలితం చాటున తప్పు దాగడానికి వీలుండదు.

రెండో వారంలో వచ్చిన ఒక పంపకం నాకు బాగా గుర్తుంది. నా దగ్గర ఇస్పేట్లలో రాజు, 7. ఆఠీన్లలో ఆసు, రాణి, 9, 6, 3. డైమన్లలో రాజు, 8, 5. కళావర్లలో రాజు, జాకీ, 4. మొత్తం 16 పాయింట్లు. అయిదు ఆఠీన్లున్నాయి కనుక మరో ఆలోచన లేకుండా 1 ఆఠీను చెప్పాను. అక్కయ్య 1 ఇస్పేటు చెప్పింది. అక్కడ నాకు దారి మూసుకుపోయింది. 1 నోట్రంప్ చెబితే 12 నుంచి 14 పాయింట్లని అర్థం, నావి 16. 2 నోట్రంప్ అంటే 18 లేదా 19. 2 కళావర్లు చెబితే ఆ రంగులో నాలుగు ముక్కలున్నాయని ఆమె నమ్ముతుంది, నాకున్నవి మూడే. చివరికి 2 ఆఠీన్లు చెప్పాను. అక్కయ్య పాస్ చెప్పింది. ఆమె దగ్గర ఇస్పేట్లలో ఆసు, 10, 8, 6. ఆఠీన్లలో 7, 5. డైమన్లలో రాణి, జాకీ, 4, 2. కళావర్లలో రాణి, 8, 3. తొమ్మిది పాయింట్లు. ఇద్దరివీ కలిపితే 25, అంటే 3 నోట్రంప్‌కు చేరవలసిన చేతులు. మేము 2 ఆఠీన్ల దగ్గర ఆగిపోయాం.

పాత అలవాటు ప్రకారమైతే అక్కయ్య పాస్ మీద నేను నెపం వేసేవాణ్ణి. కానీ ఆమె ఊహపత్రం తెరిస్తే అందులో "ఆఠీన్లు ఆరు, 12 నుంచి 15 లోపు పాయింట్లు, బహుశా కింది అంచునే" అని ఉంది. నేను చెప్పిన మాటలకు అర్థం అచ్చంగా అదే! ఆమె నా మాటను సరిగ్గా విన్నది, నేనే లేని ముక్కను ఉన్నట్టు చెప్పాను. శిక్షకురాలి వ్యాఖ్య ఇంకొంచెం లోతుకు వెళ్లింది. ఇబ్బంది రెండో బిడ్ దగ్గర బయటపడినా, తప్పు మొదటి బిడ్‌లోనే జరిగిందని ఆమె రాశారు. 15 నుంచి 17 పాయింట్లు, అన్ని రంగులూ సమంగా ఉన్న చేతికి 1 నోట్రంప్ అనేదే మా ఒప్పందం అయినప్పుడు, అయిదు ఆఠీన్లున్నా ఆ బిడ్‌తోనే మొదలుపెట్టి ఉంటే ఒక్క మాటలో చేయంతా తెలిసిపోయేది. నోరు విప్పే ముందే "పార్ట్‌నర్ ఫలానా జవాబిస్తే నా రెండో మాట ఏమిటి?" అని వేసుకోవలసిన ప్రశ్నను నేను వేసుకోలేదు. పెద్దరంగు (ఇస్పేటు లేదా ఆఠీను) ముక్కలు అయిదున్న చేతికి 1 నోట్రంప్ చెప్పడం ఇష్టపడని ఆటగాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వారి వాదనలోనూ పస లేకపోలేదు. కానీ అలా ఆడేవారు 16 పాయింట్ల చేతికి రెండో మాట ఏమిటో ముందే తేల్చుకుని ఉండాలి. మేము తేల్చుకోలేదు.

ఈ పంపకం తరువాత నాకు తట్టిన విషయం ఒకటుంది, దానికి ఈ సేవకే రుణపడి ఉన్నాను. 1 నోట్రంప్ చెప్పేది మూడు పాయింట్ల ఇరుకులో: 15, 16, 17. అదే 1 ఆఠీను అంటే 12 నుంచి దాదాపు 21 వరకు ఎంతైనా కావచ్చు. మొదటిది విన్న పార్ట్‌నర్ తన పాయింట్లను కలిపి అక్కడికక్కడే లెక్క కట్టగలదు. గేమ్‌కు (బోనస్ తెచ్చే, 3 నోట్రంప్ వంటి కాంట్రాక్టుకు) సుమారు 25 కావాలని, ఆరు స్థాయి కాంట్రాక్టు ఆడాలంటే 33, ఏడు ఆడాలంటే 37 కావాలని ఆమెకు తెలుసు. రెండోది విన్న పార్ట్‌నర్ ఇంకో మాట కోసం ఎదురుచూడక తప్పదు. కాబట్టి విశాలమైన బిడ్‌తో మొదలుపెట్టినవాడు తన రెండో మాటతో ఆ విశాలాన్ని కుదించి తీరాలి. మా ఊహపత్రాల్లో రెండో బిడ్ తరువాత కూడా "12 నుంచి 18" వంటి వెడల్పాటి అంచనాలు మొదటి వారం నిండా కనిపించాయి. చివరి వారానికి ఆ వెడల్పు మూడు, నాలుగు పాయింట్లకు తగ్గింది. మా పురోగతికి నేను నమ్మే కొలత ఇదొక్కటే.

పాయింట్ల విలువ గురించి కూడా మంచి పాఠాలున్నాయి. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అని మిల్టన్ వర్క్ ప్రాచుర్యంలోకి తెచ్చిన లెక్కనే ఇక్కడా వాడతారు. అయితే ఒంటరి రాజుకు పూర్తిగా 3 వేసుకోవడం, రెండే ముక్కల రంగులో రాణీ జాకీ ఉంటే వాటికీ 3 వేసుకోవడం నా అలవాటని ఊహపత్రాలే పట్టించాయి. నేను 13 చెప్పుకున్న చేతులను తెరిచి చూస్తే 11కు మించి విలువ చేయడం లేదు. అక్కయ్యది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు: ఆసులూ రాజులూ పొడవైన రంగుల్లో కూడి ఉన్నా, లెక్కకు ఒక పాయింట్ తక్కువైతే చాలు, నోరు మెదపదు.

సారథ్యం (జోడీలో చివరి నిర్ణయం ఎవరిదన్న విషయం) గురించి ఒక్క పంపకమే వచ్చింది కానీ, అది పదేళ్ల వాదనను పరిష్కరించింది. అక్కయ్య దగ్గర ఇస్పేట్లలో రాజు, రాణి, జాకీ, 9, 7, 4, 2. ఒక చిన్న ఆఠీను. డైమన్లలో 10, 8, 3. కళావర్లలో 5, 4. ఆమె 3 ఇస్పేట్లతో మొదలుపెట్టింది, అది నిర్దోషమైన బిడ్. ఎదుటి పక్షం 4 ఆఠీన్లు చెప్పింది. నా దగ్గర ఆఠీన్లలో రాణి, జాకీ, 10, 5, డైమన్లలో ఆసు, రాజు, కళావర్లలో ఆసు ఉన్నాయి. వాళ్ల కాంట్రాక్టు పడిపోవడం దాదాపు ఖాయం కనుక డబుల్ (పందెం రెట్టింపు చేసే మాట) చెప్పాను. అక్కయ్య దాన్ని ఉండనివ్వకుండా 4 ఇస్పేట్లు చెప్పింది. ఏడు ఇస్పేట్లున్నాయని, బలం లేదని ఆమె మొదటి మాటలోనే చెప్పేసింది. రెండోసారి చెప్పడానికి ఆమె దగ్గర కొత్త సంగతేమీ లేదు.

ఊహపత్రాలు పక్కపక్కన పెట్టగానే విషయం తేటతెల్లమైంది. ఆమె చేయి గురించి నేను "ఇస్పేట్లు 7, పాయింట్లు 5 నుంచి 9" అని రాశాను, అది నిజం. నా చేయి గురించి ఆమె రాసింది "8 పాయింట్లు ఉండవచ్చు, ఆఠీన్లలో ఏదో ఉంది" అని, నావి 14. శిక్షకురాలు ఒకే వాక్యం రాశారు: మీ తమ్ముడికి మీ చేయి తెలుసు, మీకు ఆయన చేయి తెలియదు, కనుక నిర్ణయం ఆయనది. తన చేతిని ఒక హద్దులో చెప్పేసినవారు ఇక పార్ట్‌నర్ మాట వినాలన్న సూత్రం ఎన్నోసార్లు చదివినదే. కానీ రెండు కాగితాలను పక్కపక్కన చూసేదాకా అది మా అక్కయ్యకు ఒంటబట్టలేదు. నిజం చెప్పాలంటే మరుసటి వారం నాకూ అదే జరిగింది.

మరొక ఏర్పాటును తప్పక మెచ్చుకోవాలి. మనం ఒక బిడ్‌కు ఎంతసేపు ఆలోచించామో పార్ట్‌నర్‌కు తెలియదు. మనం రెండు క్షణాల్లో చెప్పినా, రెండు నిమిషాలు తీసుకున్నా, అవతలి తెర మీద అది ఒకే వ్యవధి తరువాత కనిపిస్తుంది. ఎదురెదురుగా కూర్చుని ఆడే జోడీలు తమకు తెలియకుండానే పార్ట్‌నర్ సంకోచాన్ని చదువుతారు. ఆలస్యంగా వచ్చిన పాస్‌కు ఒక అర్థం, చటుక్కున వచ్చిన పాస్‌కు ఇంకో అర్థం. బ్రిడ్జ్ నియమావళిలోని 16వ, 73వ నియమాలు ఇలాంటి సమాచారాన్ని వాడుకోకూడదని స్పష్టంగా చెబుతాయి. సేవలో చేరిన తొలిరోజుల్లో మా ఊహలు అంతగా తప్పడానికి ఇదొక కారణమని నా నమ్మకం. ఇన్నేళ్లుగా మేము బిడ్‌ను కాక ఒకరి ముఖం ఒకరం వింటున్నాం. ఆ ఊతం పోయాక బిడ్ ఒక్కటే మిగిలింది, దాన్ని సరిగ్గా వాడడం అప్పుడే మొదలైంది. మన ఒప్పందాలు పార్ట్‌నర్‌కు తెలిసినంతగా ఎదుటి పక్షానికీ తెలియాలన్న న్యాయాన్ని కూడా ఇక్కడ గట్టిగా పాటిస్తారు. ఒప్పందాల పట్టిక నింపకుండా మొదటి పంపకమే తెరుచుకోదు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది యంత్రం వేసే మార్కు. నాలుగు చేతులూ చూసి, ఆ పంపకంలో ఏ కాంట్రాక్టు గెలుస్తుందో లెక్కగట్టి, దాన్నిబట్టి పదికి ఇన్ని అని వేస్తుంది. మూడో వారంలో మేము 6 ఆఠీన్లకు చేరాం. ఎదుటి పక్షం దగ్గరున్న అయిదు తురుపులు 3-2గా విడిపోతే కాంట్రాక్టు నిలుస్తుంది. అలా విడిపోవడానికి 68 శాతం అవకాశం ఉంది. 4-1కు 28, 5-0కు 4. ఇంతకంటే మంచి అవకాశంతో ఆరు చెప్పే రోజులు ఎన్ని వస్తాయి? పైగా ఇద్దరి ఊహపత్రాల్లోనూ పార్ట్‌నర్ పాయింట్లు ఒకటికి మించి తేడా లేకుండా ఉన్నాయి. ఆ పంపకంలో తురుపులు 4-1గా ఉన్నాయి కనుక యంత్రం మాకు సున్నా వేసింది. శిక్షకురాలు తన వ్యాఖ్యలో ఆ బిడ్డింగ్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. అయినా వారాంతపు సగటులో ఆ సున్నా అలాగే మిగిలింది. మార్చమని రాస్తే, యంత్రపు మార్కును శిక్షకులు మార్చలేరని జవాబు వచ్చింది. సరైన వివరణను శిక్షించి తప్పుడు వివరణకు బహుమతి ఇచ్చే ఈ మార్కు, ఊహపత్రం కట్టిన మంచి పద్ధతిని అదే చోట కూలదోస్తున్నది. కొత్తగా నేర్చుకునేవారు ఆ అంకెనే చూసి, బాగా చెప్పిన బిడ్‌ను మానుకునే ప్రమాదం ఉంది. దీన్ని వెంటనే తీసివేయాలి.

రెండోది, ఎదుటి పక్షం అతి మౌనంగా ఉంటుంది. వారానికి 24 పంపకాల్లో అయిదారింటిలో తప్ప వాళ్లు పాస్ తప్ప మరో మాట చెప్పరు. నిజమైన బల్ల దగ్గర ఇంత ప్రశాంతత దొరకదు. మధ్యలో ఎవరో 2 ఇస్పేట్లు చెప్పి మన చోటంతా మింగేసినప్పుడు, మిగిలిన కొద్ది మాటల్లో చేతిని ఎలా చెప్పాలన్నదే కష్టమైన విద్య. టేకౌట్ డబుల్ (పార్ట్‌నర్‌ను తన రంగు చెప్పమని అడిగే డబుల్), ఎదుటివారి రంగునే బిడ్‌గా చెప్పి బలం చూపడం వంటివాటికి ఇక్కడ దక్కిన చోటు చాలా తక్కువ.

మూడోది పాఠాల వరుస. మొదటి వారంలోనే స్టేమన్, ట్రాన్స్‌ఫర్లు, బ్లాక్‌వుడ్ (4 నోట్రంప్‌తో ఆసులు అడగడం), బలహీనమైన 2 బిడ్లు అనే పేరున్న ఒప్పందాలన్నీ ఒకేసారి ఇచ్చారు. పేరున్న ఒప్పందాలు ఎన్ని తెలిస్తే అంత గొప్ప అన్న భ్రమ కొత్తవారిలో ముందే ఉంటుంది, దాన్ని ఈ వరుస ఇంకా పెంచుతుంది. మామూలు 1 ఆఠీను, 2 ఆఠీన్లు, 3 ఆఠీన్ల మధ్య తేడాను పార్ట్‌నర్‌తో ఒప్పుకోని జోడీకి బ్లాక్‌వుడ్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఆసులు ఎన్నో తెలుస్తాయి గాని, ఆరు ఆడదగ్గ చేతులా కావా అన్నది తెలియదు. తెరల అమరిక, ముక్కల బొమ్మలు, పాత పంపకాలను వెతుక్కునే వీలు, అన్నీ బాగానే ఉన్నాయి.

అయినా ఈ సేవలో రెండో విడతకు మేము పేరు ఇచ్చాం. ఎదుటి పక్షం కూడా నోరు విప్పే పంపకాలు సగానికి తగ్గకుండా ఇవ్వాలని అడిగాం, ఒప్పుకున్నారు. మార్కుల పట్టీని మా తెర మీద కనబడకుండా ఆపుకునే వీలుందని కూడా అప్పుడే తెలిసింది, ఆపేశాం.

ఆరో వారం ఆఖరి పంపకంలో అక్కయ్య 1 ఇస్పేటుతో మొదలుపెట్టింది. నా దగ్గర ఇస్పేట్లలో రాణి, జాకీ, 6, 4. ఆఠీన్లలో ఆసు, రాణి, 8, 3. డైమన్లలో రాజు, 10, 7, 5. కళావర్లలో ఒక్క 4. ఒకేసారి 4 కళావర్లకు దూకాను. దాన్ని స్ప్లింటర్ అంటారు: నీ ఇస్పేటుకు నా దగ్గర నాలుగు ముక్కలున్నాయి, గేమ్‌కు చాలినంత బలం ఉంది, కళావరు ఒక్కటే ఉంది లేదా అసలు లేదు అని ఒక్క బిడ్‌తో చెప్పడం. అక్కయ్య దగ్గర ఇస్పేట్లలో ఆసు, రాజు, 9, 7, 5. ఆఠీన్లలో రాజు, 4. డైమన్లలో ఆసు, 8. కళావర్లలో 9, 7, 6, 3. మామూలుగా ఆ నాలుగు చిన్న కళావర్లు దిగులు పుట్టించేవే. నా మాట విన్నాక అవే ఆమెకు ధైర్యమిచ్చాయి, ఎందుకంటే ఆ రంగులో ఆమెకు వృథా అయ్యే పెద్దముక్క ఒక్కటీ లేదు, పోయే ట్రిక్ ఒక్కటే, మిగతావి నా తురుపులు చూసుకుంటాయి. 4 నోట్రంప్‌తో ఆసులు అడిగింది. ఒక్కటే అన్న అర్థంలో 5 డైమన్లు చెప్పాను. ఆమె 6 ఇస్పేట్లు చెప్పింది. ఇద్దరివీ కలిపి 26 పాయింట్లే, ఆరుకు కావలసిన 33కు ఏడు తక్కువ. అయినా లెక్క వేసి చూస్తే 12 ట్రిక్కులు ఉన్నాయి. ఆమె ఊహపత్రంలో నా ఇస్పేట్లు నాలుగు, కళావరు ఒకటి, ఆసు ఒకటి, పాయింట్లు 11 నుంచి 13 అని ఉంది. నావి 12. ఎరుపు రంగుల దగ్గర మాత్రం 5-3 అని రాసింది, నావి 4-4.